తూకం వెయ్యనివ్వని త్రాసు

ధర్మవరంలోని ఒక హైస్కూల్లో, బడి వదిలాక సైన్సు సార్ ఒక ఆడపిల్లను ఆపాడు. ఎందుకో ఆమెకు తెలుసు. పొద్దున ప్రయోగం క్లాసు నుంచీ ఆమె కోపంగానే ఉంది.

“రికార్డులో గోళీ బరువు దగ్గర ఖాళీ వదిలినావేమ్మా?”

“నేను తూకం వెయ్యలేదు సార్.”

“మగపిల్లోళ్లు వేసినారు కదా. చూసి రాసుకో.”

“కొలవకుండా అంకె రాస్తే అబద్ధమని చెప్పింది మీరే! ఏడాదంతా మమ్మల్ని గోడకు నిలబెట్టి, వాళ్లకే త్రాసు ఇస్తాండారు. మేము అబద్ధాలు నేర్చుకోవల్లనా?”

“అది సున్నితమైన వస్తువు. మీరు ముట్టుకుంటే చెడిపోతాది.”

“ఇంట్లో దినమూ పట్టుపోగులు ముట్టుకుంటాండాం సార్, తెగలేదే! మొన్న మా క్లాసు ఓబుళప్ప ఆ త్రాసును కింద పడేసినాడు. వాణ్ణి గోడకు నిలబెట్టినారా?”

“ఎదురు మాట్లాడితే సున్నా వేస్తా.”

“వెయ్యండి సార్. సున్నా అయినా నాదే అయితాది. వాళ్ల అంకె నాది కాదు.”

సార్ రికార్డు తెరిచి ఆ ఖాళీని మళ్లీ చూశాడు. తర్వాత బీరువా తాళం తీసి, త్రాసును బల్ల మీద పెట్టాడు.

“సరే, రా. తూకపు రాళ్లను చేత్తో తాకొద్దు, పట్టకారుతో పట్టుకో.”

ఆమె కదల్లేదు. “నేనొక్కదాన్నే కాదు సార్,” అని, వసారాలో తనకోసం ఆగినవాళ్లను గట్టిగా కేకేసింది.

“కమలాక్షీ, గంగాదేవీ, అందరూ రాండే!”