మొక్కు బరువు

పెనాల్టీ బయటికి తన్ని మ్యాచ్ పోగొట్టిన కూతురు, తిరుపతి బస్టాండులో తండ్రి పక్కన సత్యవేడు బస్సెక్కి కూలబడింది. బూట్లు విప్పే ఓపిక కూడా లేదామెకు.

“ఏమైంది పాపా ఆడ?”

“గోల్ కనబళ్ళేదు నాయనా. నీ గుండే కనబడింది.”

“నాకు గుండు యాడుండాది?”

“నేను గోల్ కొడితే కొండమీద గుండు కొట్టించుకుంటానని పొద్దున మొక్కుకున్నావు కదా. బంతి ముందర నిలబడితే అదే గుర్తొచ్చి కాలు బరువెక్కింది.”

“నీకు ధైర్యంగా ఉంటాదని సెప్పినా.”

బస్సు కదలబోతుంటే ఆయన సంచి అందుకున్నాడు.

“లెయ్, కొండకు పోదాం. ఇప్పుడే గుండు కొట్టించుకుంటా.”

“గోల్ పడలేదు కదా నాయనా.”

“మొక్కు ముందరే తీర్చేస్తా. వచ్చే మ్యాచ్‌లో నువ్వు ఉత్త బంతిని తన్నితే సాలు.”