రెండో పంపు దగ్గరి మంట

నా పేరు, ఇంటి చిరునామా మొదటి పేజీలో రాయించాను. వయసు నలభై ఒకటి. హైడ్రోజన్ బంకులో కార్లకు గ్యాస్ పట్టే పని. అంతకుముందు పెట్రోలు బంకులో చేశాను. బంకుకు వచ్చే డ్రైవర్లందరూ నన్ను బంకక్క అంటారు. ట్యాక్సీ డ్రైవరు ఇచ్చిన ఫిర్యాదు నాకు చదివి వినిపించారు. నేను ఆయన్ని వెనకనుంచి లాగి పడేసి భుజం విరగ్గొట్టానని, కారులో ఉన్న కూతురి దగ్గరికి పోనివ్వలేదని అందులో ఉంది. ఆ రెండూ నిజమే. ఎందుకు చేశానో చెబుతాను.

నిన్న మధ్యాహ్నం రెండు దాటాక ఆయన కారు రెండో పంపు దగ్గరికి వచ్చింది. ఎండ మండిపోతోంది. ఆయన తరచూ వచ్చేవారే. ఈ కారు పొగగొట్టంలోంచి నీటి చుక్కలే వస్తాయి కాబట్టి, "రోడ్డంతా తడుపుకుంటూ పోతున్నానక్కా, ఇంకొన్నాళ్ళకి నాట్లు వేసుకోవచ్చు" అని నవ్వించేవారు. నిన్న మాత్రం ట్యాంకు నింపమని చెప్పి దిగిపోయారు. ఒంట్లో బాగోలేని కూతుర్ని బడినుంచి ఇంటికి తీసుకెళ్తున్నారని నాకు తర్వాత తెలిసింది. పాప వెనక సీటులో పడుకుని ఉంది. నాకు కనపడలేదు.

గొట్టం తగిలించి గ్యాస్ వదిలాను. ఆయన ముఖం కడుక్కోవడానికి కొళాయి దగ్గరికి వెళ్ళారు. కాసేపటికి గొట్టం బిగింపు దగ్గర బుస్సుమని చప్పుడు మొదలైంది. అంతలోనే అది గుడ్డ చింపుతున్నట్టుగా మారింది. వెనక్కి దూకి, గ్యాస్ ఆపడానికి గోడ మీదున్న ఎర్ర మీట నొక్కాను. చప్పుడు ఆగలేదు. మళ్ళీ నొక్కాను. ఆగలేదు. బంకు వెనకున్న పెద్ద వాల్వు కట్టేయమని మేనేజరుగారిని కేకేశాను. ఆయన ఆఫీసు గదిలోంచి బయటికి వచ్చి అటు పరిగెత్తారు.

హైడ్రోజన్ అంటుకుంటే ఎండలో ఆ మంట కంటికి కనపడదు. పొగ ఉండదు. వాసన ఉండదు. పక్కన నిలబడినా పెద్దగా సెగ తగలదు, చెయ్యి పెడితే మాత్రం కాలిపోతుంది. పనిలో చేరిన రోజే మా అందరికీ ఇది నేర్పారు. బుస్సుమనే చప్పుడు అలా మారితే గ్యాస్ అంటుకున్నట్టే లెక్క. అందుకే ప్రతి పంపు దగ్గరా పొడుగు కర్ర చీపురు ఒకటి ఉంటుంది. దాన్ని ముందుకు చాపి నడవాలి. అది అంటుకున్న చోట మంట ఉన్నట్టు.

అప్పుడు డ్రైవరు "పాప లోపలుంది, పాప లోపలుంది" అంటూ పరిగెత్తుకొచ్చారు. నేరుగా గొట్టం ఉన్న వైపు తలుపుకే వస్తున్నారు.

"అటు పోకు తమ్ముడూ, మంట ఉంది" అన్నాను.

"ఎక్కడుంది మంట?" అన్నారు. ఆగలేదు.

వెనకనుంచి నడుం పట్టుకుని లాగాను. ఇద్దరం పడ్డాం. ఆయన భుజం సిమెంటు గట్టుకు కొట్టుకుంది. ఎముక చప్పుడు నాకు వినపడింది. ఆయన లేవలేక అక్కడినుంచే కూతుర్ని పిలిచారు. "చిట్టీ, బయటికి రా. తలుపు తీసుకుని రామ్మా."

పాప లేచింది. అద్దంలో నిద్ర ముఖం కనపడింది. నాన్న గొంతు ఎటునుంచి వస్తే పిల్లలు అటు తలుపే తీస్తారు. నేను చీపురు పట్టుకుని వెళ్ళాను. తలుపుకు జానెడు దూరంలో చీపురు భగ్గుమంది. అప్పటికే తలుపు కొద్దిగా తెరుచుకుంది. పాప వేళ్ళు అంచు మీద ఉన్నాయి. "చెయ్యి లోపలికి తియ్యి" అన్నాను. తీసింది. కుడి చేత్తో తలుపు నెట్టి మూశాను. చెయ్యి కాలిందని మూశాకే తెలిసింది. పాప ఏడుస్తూ మళ్ళీ పిడి పట్టుకుంది. వాళ్ళ నాన్న ఇంకా పిలుస్తూనే ఉన్నారు. నేను కారు ముందునుంచి చుట్టి వెళ్ళి, అవతలి తలుపు తీసి, గౌను పట్టుకుని పాపను బయటికి లాగేశాను. ఎత్తుకుని రోడ్డు మీదికి వచ్చాక చప్పుడు ఆగిపోయింది. పాపకు ఎక్కడా కాలలేదు.

సాయంత్రం మేనేజరుగారు ఆసుపత్రికి వచ్చారు. "చూడమ్మా, కెమెరాలో మంట ఏమీ కనపడటం లేదు. నువ్వు ఆయన్ని పడెయ్యడమే కనపడుతోంది. గ్యాస్ కారింది, మంట రాలేదు అని చెప్పు. ఆయన కేసు వెనక్కి తీసుకునేలా మేం మాట్లాడతాం" అన్నారు.

"మరి నా చెయ్యి?" అన్నాను.

"దానికేదో ఒకటి చెబుదాం" అన్నారు. చీపురు పారేశామని కూడా చెప్పారు. ఆ కారు తలుపు రంగు బొబ్బలెక్కి ఉంది. కారు మీ స్టేషను ఆవరణలోనే ఉంది, చూడండి.

ఈ బండ్లు చెడ్డవని నేను అనడం లేదు. పెట్రోలు బంకులో ఉన్నన్నాళ్ళూ తలనొప్పితో తిండి సయించేది కాదు. ఇక్కడికి వచ్చాక మనిషినయ్యాను. కానీ ఈ ఉదయం కూడా మొదటి పంపులో గ్యాస్ పడుతున్నారని మా ఆయన చూసి వచ్చాడు. దానికీ అదే రకం బిగింపు. నా కేసు తర్వాత చూసుకోవచ్చు, ముందు దాన్ని ఆపించండి.

డ్రైవరు మీద నాకు కోపం లేదు. కూతురు లోపల ఉండగా నేను తలుపు మూసేయడం ఆయన చూశారు. ఆయన చోట నేనున్నా ఇలాగే రాసిచ్చేదాన్ని.

ఈ వాంగ్మూలాన్ని నాకు చదివి వినిపించారు. ఒకచోట "మంట చూశాను" అని రాసి ఉంటే కొట్టివేయించాను. నేను మంటను చూడలేదు. మంట ఉంది. మిగతాదంతా నేను చెప్పినట్టే ఉంది, ఎవరి బలవంతమూ లేకుండా చెప్పాను. నాకు సంతకం చేయడం వచ్చు. కుడి చేతికి కట్టు ఉన్నందువల్ల ఎడమ చేతి బొటనవేలి ముద్ర వేస్తున్నాను.

(ఎడమ బొటనవేలి ముద్ర)