లోపల వదలని గుడ్డ

చనిపోయిన అక్క గౌనును తన ఒంటికి వదులు చేయించుకుందామని, అక్క స్నేహితురాలైన టైలరమ్మ దగ్గరికి తెచ్చింది చెల్లెలు. టైలరమ్మ దాన్ని తిరగేసి చూసి మొహం మాడ్చుకుంది.

"ఇది నా కుట్టు కాదే!"

"కాదు, టైలరక్కా."

"బేకరీ ఏప్రను, డ్రైవింగ్ స్కూలు చొక్కా, క్లినిక్ కోటు... మీ అక్క ఎన్ని పనులు మార్చినా కుట్టింది నేనే. చివరికి పూలకొట్టు పెట్టి నన్నే మార్చేసిందా?"

"అప్పటికే జబ్బుతో సగమైపోయింది కదా, ఆ సంగతి నీకు తెలియనివ్వలేదు. నువ్వు టేపు పెడితే దొరికిపోతానంది."

"ముక్కూమొహం తెలియనివాడి చేత కొలిపించుకుని, నాకు దాచిందా? సరే, వాడు లోపల పిసరంత గుడ్డ కూడా వదల్లేదేం?"

"వదలొద్దని మా అక్కే చెప్పింది."

టైలరమ్మ మెడలోని టేపు తీసి బల్ల మీదకి విసిరింది.

"అందుకే నా దగ్గరికి రాలేదు, దొంగమొహంది! నేనైతే దాని మాట వినేదాన్నా? మళ్ళీ ఒళ్ళు చేస్తుందని రెండు వేళ్ళ గుడ్డ వదిలేదాన్ని."