చేతిల పెట్టిన ఉప్పు

"నాయనమ్మా, లడాఖ్ పోయొచ్చిన ముచ్చట చెప్పు. ఫోన్ల రికార్డ్ చేస్తున్న."

చేస్కో బిడ్డా. గని ముందుగాల మీ బొల్లారం నాయనమ్మ సంగతి చెప్పాలె. నా యారాలు, మీ తాతోళ్ల అన్న భార్య, నేను అక్కా అంట. మా ఇద్దరికి ఏండ్ల సంది మాటల్లేకుండె. ఎందుకంటవా, వాళ్ల బిడ్డ పెండ్లికి నన్ను బొట్టు పెట్టి పిల్వలే. ఫోన్ల చెప్పిండ్రు, గంతే. ఇంటి కోడల్ని ఫోన్ల పిలుస్తరా? నేను పోలే. బొల్లారం బస్సుకు చారాణ ఉన్నప్పుడు సుత ఇంటింటికి తిరిగి బొట్టు పెట్టొచ్చేటోళ్లం... సరే, యాడికో పోతున్న.

అన్నదమ్ములిద్దరు మమ్మల్ని అడుగకుంటనే టికెట్లు చేసిండ్రు. ఒకటే కారు, పక్కపక్క సీట్లు. ఆమె ఆ కిటికీల కెళ్లి చూస్తది, నేను ఈ కిటికీల కెళ్లి చూస్త. గైడు ఆడమనిషే, ఆ కొండలల్లనే పుట్టింది. ఆమెకు సమజైనట్టుంది, ఏ ముచ్చటైనా ఇద్దరికి అలగలగ్ చెప్తుండె. ఓ ఊర్ల, ఊరంటే పదిండ్లు గిట్ల ఉంటయేమో, ఉప్పు చాయ్ పోసిండ్రు. గది సుత చెరో మూలకు కూసొని తాగినం.

ఆడికెళ్లి ఇంకా పైకి పోయినం. ఘాట్ మీద కారు దిగంగనే అక్కకు ఊపిరాడలే. మొకం తెల్లగైంది. గైడు ఆక్సిజన్ పెట్టింది, జల్ది కిందికి దిగాలె అన్నది. అక్క తల నా ఒళ్లనే ఉండె. మాట కలువకుంటనే పోతదా ఏంది దేవుడా అని ఒకటే ఏడ్సిన. దిగినకొద్ది ఊపిరి మంచిగైంది. నాకు పోయిన పానం మల్లొచ్చింది బిడ్డా.

కింద ఉప్పు మైదానం. మన కాప్రా చెరువు ఎండితే అంత ముగ్గు పోసినట్టు, ఎటు చూసినా తెలుపే. అక్క మెల్లగ వంగి ఓ ఉప్పు గడ్డ తీసి నా చేతిల పెట్టబోయింది. నేను చెయ్యి ఎన్కకు గుంజుకున్న. ఉప్పు చేతికిస్తే కొట్లాటలైతయంటరు గదా. నేను కొత్త కోడలిగ వచ్చినప్పుడు ఆమెనే నేర్పింది, కింద పెట్టు, నేను తీస్కుంట అని.

"పట్టు పిల్లా," అన్నది. "ఇంకేం కొట్లాడ్తం మనం? అన్నీ అయిపోయినయ్."

నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. పట్టుకున్న. దిల్ హల్కా అయింది.

మొన్న అక్క వాళ్ల మనుమడి పెండ్లికని మోకాళ్ల నొప్పులతోని మెట్లెక్కొచ్చి నాకు బొట్టు పెట్టిపోయింది. ఫోన్ చేస్తే సాలు గదా అక్కా అంటే ఇన్లే. నీ పెండ్లికి మొదాల బొట్టు ఆమెకే, నేనే పోత. సల్లగుండు బిడ్డా. ఇగ ఆ ఫోన్ జెర ఇటియ్యి. పొద్దుగాల సంది అక్కతోని మాట్లాడలే.