ఎవరూ దిద్దిపెట్టని గొలుసుకట్టు రాత

పందొమ్మిది వందల ఎనభై తొమ్మిది, జులై మూడవ తేదీ సోమవారం ఉదయం, మన నీటి పంపింగ్ కేంద్రంలోని డ్రాయింగుల విభాగంలో సహాయకురాలిగా ఆమె ఉద్యోగ బాధ్యతలు స్వీకరించారు. ఈ నెలాఖరున అదే విభాగం నుంచి, అందులో మిగిలిన ఒకే ఒక్క ఉద్యోగిగా, పదవీ విరమణ చేస్తున్నారు. ఇన్నేళ్లూ మనమంతా ఆమెను 'అక్క' అనే పిలిచాం. ఆ పిలుపులో ఆప్యాయత ఉంది. అలా పిలిచాక ఆమె గురించి ఇక తెలుసుకోవలసిందేమీ లేదన్న నిశ్చింత కూడా ఉంది.

మన పెద్ద పంపులు రష్యా నుంచి వచ్చాయని అందరికీ తెలుసు. వాటిని బిగించిన ఇంజనీరు ఆమె చేరకముందే స్వదేశానికి వెళ్లిపోయారు. వెళ్లేముందు డ్రాయింగుల అంచుల నిండా పెన్సిలుతో, గొలుసుకట్టు రాతలో, తన అనుభవమంతా రాసిపెట్టారు. అచ్చు పుస్తకాలకు అనువాదాలు వచ్చాయి. ఆ చేతిరాతను మాత్రం అనువాదకులు తమ పని కాదంటూ తిప్పి పంపారు. అప్పటి విభాగాధిపతి చూసి, "కోడి కెలికినట్టుంది, పక్కన పడేయమ్మా" అన్నారట. పక్కన పడేయడం ఆమె స్వభావంలో లేదు.

అచ్చు అక్షరాలను ఆమె ఒక పాత రష్యన్ వాచకంతో నేర్చుకున్నారు. అయితే అచ్చులో విడివిడిగా, బుద్ధిమంతుల్లా నిలబడిన అక్షరాలు చేతిరాతలోకి వచ్చేసరికి ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని పోలికలు మార్చేసుకుంటాయి. స్తంభం మీద దూలంలా ఉండే అక్షరం మూడు కాళ్లతో నడుస్తుంది; మరికొన్ని కలిస్తే మాటంతా ఒకే అల పడిలేస్తున్నట్టు ఉంటుంది. నేర్పేవారు లేరు. అందుకని, ఆ విభాగంలో పనిచేసేవారికి మాత్రమే తోచే ఉపాయం ఆమెకు తోచింది. డ్రాయింగు అంచు మీద ట్రేసింగ్ కాగితం పరిచి, ఆ రాత మీదుగా పెన్సిలు నడిపించారు. అర్థం తెలియకముందే చేతికి అలవాటైంది. ఆయన చెయ్యి ఎక్కడ అలసిందో, పెన్సిలు ఎక్కడ చెక్కుకున్నారో, ఎక్కడ విసుగుపడ్డారో ఆమెకు తెలిసేది. ముఖం చూడని మనిషితో అంతటి సాన్నిహిత్యం, మనలో ఎందరికి ఇంట్లోవాళ్లతోనైనా ఉంటుందో చెప్పలేను. భోజనాల బల్ల మీద సిరా లేని పెన్నుతో దిద్దుతూ కూర్చుంటే వాళ్లమ్మగారు, "పలక కొనుక్కురానా తల్లీ, బల్ల అరిగిపోతోంది" అనేవారట.

ఆ తొలిరోజుల పొరపాటు ఒకటి చెప్పుకుని ఆమే నవ్వుతారు. ఒకేలా కనిపించే రెండు అక్షరాలను వేరుపరచడానికి ఆ దేశస్థుల్లో కొందరు ఒకదాని నెత్తిన, మరొకదాని కింద చిన్న గీత పెడతారు. ఈమె ఆ గీతలను 'ముఖ్యం' అన్న గుర్తులుగా భావించి, గీత కనిపించిన చోటల్లా జాగ్రత్త వహించమని కింది పంపుహౌసుకు చీటీలు పంపారు. అప్పుడే పెళ్లయిన ఒక ఫిట్టరు, అంటే నేటి మన ఫోర్‌మన్‌గారు, వారమంతా బిగించిన బోల్టునే బిగించి, చివరికి మెట్లెక్కి వచ్చారు. "అక్కా, ఈయనకి ప్రతిదీ ముఖ్యమేనా? మా ఆవిడే నయం," అన్నారు.

కాలక్రమంలో ఆమె సీనియర్ సహాయకురాలిగా, ఆపై విభాగ పర్యవేక్షకురాలిగా పదోన్నతి పొందారు. తోటివారు ఒక్కొక్కరే ఇతర విభాగాలకు తరలిపోగా, డ్రాయింగులకు నకళ్లు తీసే అమ్మోనియా వాసన ఇంకిన ఆ గదిలో ఆమె, ఇనప సొరుగులు మిగిలారు. నిఘంటువు పక్కన పెట్టుకుని ఆమె చేసిన కృషితో అంచుల రాతలన్నీ మన భాషలోకి వచ్చాయి; పంపులు వాటి ప్రకారమే నడిచాయి. మనకు అది చాలు. ఆమెకు చాలలేదు. ఒకసారి నాతో, "పంపు సంగతి నాకూ తెలుసు కదండీ. చదువుతున్నానో, ఊహిస్తున్నానో ఎలా తెలుస్తుంది? ఆ లిపిలో నేను రాసింది ఇంతవరకు ఒక్కరూ చదవలేదు," అన్నారు. తన రాత నిజంగా రాతేనా, తన ఒక్కరి కంటికే అక్షరాల్లా కనిపించే గీతలా? ఆ ప్రశ్నకు జవాబు చెప్పగల మనిషి ఈ భవనంలో లేరు. తోడు లేని ప్రతి విద్యకూ అడుగున ఈ భయం ఉంటుందనుకుంటాను.

నిరుడు మూడవ పంపును పరీక్షించడానికి ఆ దేశం నుంచి ఒక మెకానిక్ వచ్చారు. వెంట వచ్చిన దుబాసీ జ్వరంతో హోటల్లోనే ఉండిపోయారు. పంపు వేడెక్కాకనే కింది బేరింగులో చప్పుడు వస్తోందని ఆయనకు చెప్పేదెలాగో తెలియక అందరం ముఖాలు చూసుకుంటూంటే, ఫోర్‌మన్‌గారు పైకి కబురు పెట్టారు. ఆమె దిగి వచ్చారు. ఆ భాష మాట్లాడటం ఆమెకు రాదు. ఒక అట్టముక్క అడిగి తీసుకుని, దానిమీద రెండు వాక్యాలు రాశారు. ఆయన పంపు కిందినుంచి మసిచెయ్యి చాచి అట్ట అందుకున్నారు. చదివారు, తలూపారు, దానిమీదే ఏదో గీకి తిరిగి ఇచ్చి మళ్లీ లోపలికి దూరిపోయారు.

"ఏమన్నాడక్కా?" అన్నారు ఫోర్‌మన్‌గారు.

"ఇంకో టార్చిలైటు కావాలట."

టార్చి తెచ్చారు, బేరింగు మార్చారు, సాయంత్రానికి ఆయన వెళ్లిపోయారు. ఆమెను ఎవరూ అభినందించలేదు. ఏం జరిగిందో మనకు తెలియలేదు గనుక. మర్నాడు ఒక డ్రాయింగు కోసం నేను పైకి వెళ్లినప్పుడు కిటికీ దగ్గర నిలబడి ఉన్నారు.

"ఎక్కడా ఆగలేదండీ," అన్నారు. "చదువుతున్నప్పుడు ఆయన కళ్లు ఎక్కడా ఆగలేదు." కిటికీ వైపు తిరిగి, నాతో కాదన్నట్టుగా, "ఎక్కడ నేర్చుకున్నారని అడుగుతారనుకున్నాను. అడగలేదు. అడిగితే నా రాతకూ వాళ్ల రాతకూ తేడా ఉన్నట్టే కదా," అన్నారు.

ఆ సంతోషంలో పాలుపంచుకోవడానికి నాకు ఆ లిపిలో ఒక్క అక్షరం రాదు.

ఈ సభలో ఆమెకు సమర్పిస్తున్న కానుకలో కొన్ని విదేశీ తపాలా కవర్లు, ఆ మెకానిక్ పనిచేసే కర్మాగారం చిరునామా ఉన్నాయి. చిరునామా సంపాదించింది ఫోర్‌మన్‌గారు. అవతల ఎవరైనా కవరు విప్పుతారని, జవాబు రాస్తారని మేము హామీ ఇవ్వలేం. అయినా ఆమె రాయాలని మా కోరిక. ఆ జవాబు ఎంత ఆలస్యంగా వచ్చినా, అది వచ్చే నాటికీ, దానికి బదులు రాసే నాటికీ, ఆ తరువాత ఇంకా ఎన్నో ఏళ్లకూ, ఆమె చూపు మసకబారకుండా, చెయ్యి తడబడకుండా, ఆరోగ్యం చెక్కుచెదరకుండా ఉండాలని మనసారా ఆకాంక్షిస్తున్నాం.