కూత తీసేసిన కంప్యూటర్

ముందుగాల నాకు చెప్పింది జిరాక్స్ షాపు మనీష. "ఈదయ్య తాతా, రమ్య బుక్కు వేరేటోనికి ఇచ్చినవంట గదా! ఛాయ్ తాపిచ్చిండంట గదా!" అని. నవ్వుకుంట చెప్పింది సారూ! అశోక్‌నగర్ హాస్టళ్లల్ల అందరికీ ఎర్కయినంక, ఆఖరుకు నాకు తెలిసింది.

కూసో ప్రేమ్‌సాగర్ సారూ. లైబ్రరీకి కొత్త ప్రోగ్రాం చేసింది నువ్వే గదా. నువ్వే వినాలె.

ఏందీ, పాతది పాతబడ్డదా? నల్ల తెర, పచ్చ అక్షరాలు, గదే గదా దాని తప్పు? బుక్కు నంబరు కొడితే ఒక్కసారి కుయ్‌మన్నదనుకో, ఇచ్చెయ్యాలె. రెండుసార్లు కుయ్‌మన్నదా, దానికి ఇంకెవరో ముందే పేరు రాపిచ్చుకున్నరు, పక్కకు పెట్టాలె. అటెండర్నే, అయితేంది? ఒకరి వంతు ఇంకొకరికి పోనియ్యలే. నారాయణగూడ లెక్చరరొచ్చి గుస్సా అయినా ఇయ్యలే!

నువ్వొచ్చినవ్. రెండువేల సాలొస్తే పాతది ఆగిపోతదంటివి. సరే, మార్చు. రంగులు పెట్టినవ్, మౌసు పెట్టినవ్. లైబ్రరీల సప్పుడేందని కూత పీకేసినవ్. దాని జాగల ఏం పెట్టినవ్? ఇంత డబ్బా, దాంట్ల ఇంగ్లీషు, కింద ఓకే. ఓకే నొక్కితేనే ముందుకు పోతది. నొక్కిన. నొక్కకుంటే లైన్ల ఉన్నోళ్లు ఊకుంటరా? గట్లనే రమ్య వంతు బుక్కు వేరేటోని చేతికి పోయింది.

తాతా నువ్వెట్ల చేస్తవని ఒక్కనాడన్న అడిగినవా? సెక్రటరీ రూముల సమోసాలు తినుకుంట ఆయన్నడిగినవ్. ఆయన కౌంటర్ దిక్కు ఎన్నడన్న తొంగి సూసిండా?

ఆ, అడిగినవ్ లే. అందరి ముంగట అడిగినవ్. "చదవనీకి వస్తది గదా తాతా?" అని. సెక్రటరీ ఉన్నడు, ఊడ్సే బుగ్గమ్మ ఉన్నది. ఏమనాలె నేను? తలకాయ ఊపిన. గా ముచ్చట గట్ల అడుగుతరా ఎవరన్న?

రమ్యోళ్లది మహబూబ్‌నగర్ దిక్కు పల్లె. అయ్య ఈడ్నే రాంనగర్ల సెంట్రింగు పని చేస్తడు. ఆ బుక్కు కొనే తాహతు లేదు, గ్రూప్స్ పరీక్ష నెత్తి మీదికొచ్చింది. "నా వంతొస్తే చెప్పు తాతా" అని దినాం అడిగేది. ఇప్పుడు మొఖం తిప్పుకోని పోతున్నది. ఛాయ్‌కి అమ్ముడువోయిన ముసలోన్ని సారూ నేను!

కూత మళ్ల పెడ్తనంటవా? పెడ్తే పెట్టు, లేకుంటే లేదు. ముందుగాల రమ్య ఉండే హాస్టల్‌కు పో. నువ్వే పో, ఫోన్ గీన్ నడువది. ఈదయ్య ఎవ్వని ఛాయ్ తాగలే, కూత తీసేసింది నేనే అని ఆ పిల్లకు నీ నోటితోని చెప్పు.

నాకు చదువు రాదన్న ముచ్చట మాత్రం ఎత్తకు.