ఓర్వల్ టీగ్ కుడి జేబు

మా చర్చిలో ఆదివారం ఆరాధన జరుగుతున్నంతసేపూ వెనక తలుపు దగ్గర కుర్చీలో కాపలాకి ఒక మనిషి కూర్చుంటాడు. జేబులో పిస్తోలు ఉంటుంది, పైకి కనిపించదు. ఓక్లహోమాలో మా చుట్టుపక్కల ఊళ్ళన్నిట్లోనూ ఇదే పద్ధతి. ఇన్నేళ్ళూ ఆ కుర్చీలో కూర్చున్న పెద్దాయన మోకాళ్ళ ఆపరేషన్‌కని కూతురింటికి వెళ్ళిపోయాడు. ఆ చోటు ఎవరికివ్వాలో తేల్చడానికి పాస్టరు బ్రదర్ లిండెల్, పశువుల ట్రక్కు తోలే క్లీట్, నేను, ముగ్గురం ఆర్డిత్ హోటల్లో కలిశాం. ఆ వెనక తలుపు పక్క గదిలోనే మా ఆవిడ రొవీనా పసిపిల్లలకి బైబిలు కథలు చెప్తుంది. అంచేత ఈ సంగతి నాకు మిగతావాళ్ళకంటే ఎక్కువ పట్టింది. ఉన్నమాట చెప్తున్నా, నేను మా చర్చికొచ్చే ఓర్వల్ టీగ్‌కే ఇద్దామని మనసులో అనేసుకుని వచ్చాను.

ఓర్వల్ వచ్చాడు, తిన్నగా బాత్రూమ్‌కి వెళ్ళాడు, తడి చేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ వచ్చి మా మధ్య కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. పక్క బల్ల దగ్గర బ్రదర్ లిండెల్ వాళ్ళమ్మ మిస్ వెస్టా కాఫీ తాగుతోంది. ఆవిడకి ఎనభై దాటాయి, కళ్ళు మసక, చెవులు ఆవిడకి బుద్ధి పుట్టినప్పుడే పనిచేస్తాయి. హోటలు యజమానురాలు ఆర్డిత్ కాఫీ కూజా పట్టుకుని అందరి కప్పులూ నింపుతోంది.

"నన్ను అడగడం మీకు మొహమాటంగా ఉందని నాకు తెలుసు, అందుకే నేనే వచ్చాను," అన్నాడు ఓర్వల్. "చూడు బ్రదర్, పిస్తోలు ఎవడైనా కొంటాడు, కొని బీరువాలో పడేస్తాడు. మొయ్యడం, అదీ విద్య. రోజూ మొయ్యాలి. గడ్డి కోసేటప్పుడూ మొయ్యాలి, నీ ప్రసంగం వినేటప్పుడూ మొయ్యాలి. నాది అరచేతిలో ఇమిడిపోతుంది, దానికో తోలు ఒర, ఆ ఒరతో సహా కుడి జేబులో ఉంటుంది. ఆ జేబులో ఇంకేమీ ఉండదు, తాళంచెవి ఉండదు, చిల్లర ఉండదు, చివరికి రుమాలు కూడా ఉండదు. ముక్కు కారితే కారనీ అంటాను. మొన్న మా మేనకోడలి పెళ్ళిలో మా ఆవిడతో సాయంత్రమంతా డాన్సు చేశాను, గుండెకి గుండె ఆనించి మరీ. ఆవిడకి తెలీలేదు."

"నీతో డాన్సు చేసేటప్పుడు ఆవిడ ధ్యాస తన కాలివేళ్ళ మీద ఉంటుంది," అన్నాడు క్లీట్.

"సరే, పెళ్ళాం సంగతి వదిలెయ్. డాక్టరు సంగతి చెప్తా. నడుం పట్టేసిందని వెళితే ఎక్స్‌రే తీశాడు. ప్యాంటు విప్పక్కర్లేదన్నాడు, నేనూ విప్పలేదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఫిల్ములో నా ఎముకలున్నాయి, పొద్దున తిన్న బిస్కెట్లున్నాయి, చిన్నప్పుడు మింగిన గుండీ ఉంది, పిస్తోలు లేదు. డాక్టరు నోరు తెరిచాడు. పిస్తోలు లేనందుకు కాదు, వాడికి పిస్తోలున్నట్టే తెలీదు కదా, ఆ గుండీ చూసి. నేను మాత్రం లోపల్లోపల అదిరిపోయాను. ఎక్స్‌రేకి కూడా దొరకలేదంటే ఇంక అది దాక్కోవడం ఏ స్థాయికి వెళ్ళిందో మీరే చెప్పండి."

"అంత దాచుకునేవాడివి, నీ దగ్గర పిస్తోలుందని ఈ జిల్లా మొత్తానికి ఎలా తెలిసింది?" అంది ఆర్డిత్, వాడి కప్పు నింపుతూ.

"ఉందని తెలియాలి మిస్ ఆర్డిత్, ఎక్కడుందో తెలియకూడదు. అందులోనే ఉంది కిటుకు."

"కుడి జేబులో ఉందని నువ్వే చెప్పావు ఇప్పుడు."

"మీరు మనవాళ్ళు కాబట్టి చెప్పాను." ఓర్వల్ తొణకలేదు. "షెరీఫ్ దగ్గర ఒక కుక్క ఉంది చూశారా, తుపాకి మందు వాసన మైలు దూరంనుంచి పట్టేది? పశువుల సంతలో అది అందర్నీ వాసన చూస్తూ నా దగ్గరికొచ్చింది. నా కుడి జేబు దగ్గర ముక్కు పెట్టింది, అటు పెట్టింది, ఇటు పెట్టింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నా బూటు మీద తల పెట్టుకుని ఏడ్చింది. కుక్క ఏడవడం నేను నా జన్మలో చూడలేదు. నీళ్ళు, బొటబొటా. తన బతుకులో అది మొదటిసారి ఓడిపోయింది పాపం. షెరీఫ్ దాన్ని ఎత్తుకుని జీపులో పడుకోబెట్టి తీసుకుపోయాడు. ఇప్పుడది కోళ్ళఫారం కాపలా కాస్తోంది."

బ్రదర్ లిండెల్ నవ్వు ఆపుకుంటూ గొంతు సవరించుకున్నాడు. "అది సరే ఓర్వల్. శుభ్రం సంగతేమిటి? జేబులో తిరిగే వస్తువు, చెమట పడుతుంది, దుమ్ము పడుతుంది."

"అబ్బా, అడగాల్సిన ప్రశ్న అడిగావు బ్రదర్. చెమట కాదు, దుమ్ము కాదు, పీచు. ప్యాంటు బట్టలోంచి పీచు రాలుతుంది చూడు, అదీ అసలు శత్రువు. నెమ్మదిగా పోయి గొట్టంలో చేరుతుంది, మీట కింద చేరుతుంది, గడ్డకట్టి కూర్చుంటుంది. చాలామంది సోమరిపోతులు దాన్ని పట్టించుకోరు. నేను శనివారం శనివారం అన్నం మానేస్తాను గానీ అది మానను. ముక్కముక్కా విప్పి, పళ్ళు తోముకునే బ్రష్షుతో దులిపి, ఒక్క నూనె చుక్క, ఒకే ఒక్కటి వేసి తుడుస్తాను. వచ్చిన పీచు పారెయ్యను. మా ఆవిడ దాన్ని సంచిలో దాచి వడికింది. ముందు మేజోళ్ళయ్యాయి. తర్వాత కండువా. పోయిన చలికాలానికి బొంత అయింది, డబుల్ కాట్‌కి సరిపడా. మంచు కురుస్తుంటే మేమిద్దరం దాన్ని కప్పుకుని చెమటలు కక్కాం. ఇంత పీచు ఇంత పిస్తోల్లోంచి వచ్చిందా అని మా ఆవిడకి నోట మాట రాలేదు."

"ఆవిడకా, మాట రాలేదా?" అన్నాడు క్లీట్. అన్నిటికంటే అదే నమ్మలేకపోయాడు.

నేను నవ్వుతూనే ఉన్నాను గానీ, కోతల కింద మాట మంచిదే కదా అనుకున్నాను. ఒర అంటున్నాడు, ఖాళీ జేబు అంటున్నాడు, శనివారం శుభ్రం అంటున్నాడు. మా రొవీనా గది పక్కన ఇలాంటివాడుంటే చాలనిపించింది. ఇంతలో మిస్ వెస్టా లేచింది. ఆర్డిత్ ఆవిడ చెయ్యి పట్టుకుని బాత్రూమ్ తలుపు దాకా దింపి వచ్చింది.

"ఇంతకీ ఎప్పుడైనా వాడవలసి వచ్చిందా?" అని అడిగాను.

ఓర్వల్ ఆ మాట కోసమే కాచుకుని ఉన్నట్టున్నాడు. కుర్చీ ముందుకి జరిపాడు.

"పోయిన వసంతంలో సుడిగాలి వచ్చింది గుర్తుందా, చర్చి దాకా వచ్చి పక్కకి తప్పుకుంది? ఎందుకు తప్పుకుందో మీలో ఒక్కడైనా ఆలోచించాడా? నేను కంచె దగ్గర తీగ బిగిస్తున్నాను. సైరన్ మోగింది. తల ఎత్తేసరికి నా నెత్తిమీదే ఉంది, నల్లగా, గిర్రున తిరుగుతూ. టోపీ పోయింది, చొక్కా పోయింది, బూట్లు లేసులు ముడేసి ఉండగానే పోయాయి. కంచె గుంజని కావలించుకున్నాను. నన్ను లాగలేక అది ఏం చేసిందో తెలుసా? నా ప్యాంటు లాక్కుపోయింది. డ్రాయరు మీద నిలబడిపోయాను బ్రదర్, పట్టపగలు. పైకి చూస్తే ఆ సుడిలో ఆవులు తిరుగుతున్నాయి, ఒక ట్రాక్టరు తిరుగుతోంది, ఎవరిదో గంగాళంలో సూపు ఒలక్కుండా తిరుగుతోంది, వాటి మధ్య నా ప్యాంటు నిటారుగా నిలబడి ఉంది. కుడి జేబు కాస్త బరువుగా కిందికి లాగుతోంది. అంటే ఏమిటి? పిస్తోలు జారలేదు. ఒర అంటే అదీ."

మిస్ వెస్టా తిరిగొచ్చి తన చోట కూర్చుని మొక్కజొన్న రొట్టెకి వెన్న రాసుకోవడం మొదలెట్టింది. ఆర్డిత్ ఎప్పుడు వంటింట్లోకి పోయిందో నేను చూడలేదు.

"మర్నాడు కాన్సాస్ నుంచి ఫోను. ఒక రైతు. అయ్యా, మీ ప్యాంటు మా దండెం మీద వాలింది, లోపల మీ పేరు కుట్టి ఉంది అన్నాడు. వెళ్ళాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వాళ్ళావిడ ఆ ప్యాంటు ఉతికింది, గంజి పెట్టింది, ఇస్త్రీ చేసింది, మడత పెట్టి నా చేతికిచ్చింది. జేబులో ఏదో ఉందని ఆవిడకి తెలీలేదు. ఇస్త్రీ పెట్టె దాని మీంచే పోయింది బ్రదర్, పిస్తోలు దారిచ్చింది. నేను అక్కడే ప్యాంటు తొడుక్కుని తీసి చూశాను. నేను శనివారం వేసిన నూనె చుక్క వేసినచోటే ఉంది. నాకే కళ్ళు తిరిగాయి, వాళ్ళ గుమ్మంలో కూలబడ్డాను, మంచినీళ్ళిచ్చి లేపారు."

"మరి చర్చి?" అన్నాడు బ్రదర్ లిండెల్.

"అక్కడికే వస్తున్నాను. ఇంటికి తిరిగొస్తుంటే అది మళ్ళీ కనపడింది. అదే సుడిగాలి. తీసుకున్న వస్తువు చేజారిందని వెతుక్కుంటూ వచ్చింది. చర్చి గోపురం ఎత్తున నిలబడి నా వైపు చూసింది. నేను పికప్ ఆపి దిగాను. జేబులో చెయ్యి పెట్టాను. అంతే. తియ్యలేదు, పేల్చలేదు, చెయ్యి పెట్టానంతే. అది ఒక్క క్షణం ఆలోచించుకుని మిస్సోరీ వైపు తిరిగిపోయింది. ఆదివారం మీరంతా ఆ కప్పు కింద కూర్చుని పాటలు పాడుతున్నారంటే ఈ జేబు చలవే."

అని కుడి తొడమీద టపటపా తట్టాడు. అరగంట నుంచి తడుతూనే ఉన్నాడు.

అప్పుడు ఆర్డిత్ వంటింట్లోంచి వచ్చింది. చేతిలో కాఫీ కూజా లేదు. మొహం పాలిపోయి ఉంది, పెదవులు అదురుతున్నాయి. ముప్ఫైయేళ్ళుగా ఎరుగుదును, మొగుడు పోయినప్పుడు కూడా ఆవిడని అలా చూడలేదు. సుడిగాలి కథ విని భయపడిందేమో అనుకున్నాను, ఎంత వెర్రివాణ్ణో చూడండి.

"ఓర్వల్," అంది, "ఆ పిస్తోలు ఇప్పుడెక్కడుంది?"

"ఎక్కడుంటుంది మిస్ ఆర్డిత్? ఇక్కడే. ఒంటిమీద ఉన్నట్టే ఉండదు, అదే దాని గొప్ప."

"చెయ్యి పెట్టి చూడు."

వాడు నవ్వుతూ జేబులో చెయ్యి పెట్టాడు. పెట్టిన చెయ్యి పెట్టినట్టే ఉండిపోయింది. తర్వాత తోలు ఒర ఒక్కటే బయటికొచ్చింది, ఖాళీది.

ఆర్డిత్ ఏప్రాన్ జేబులోంచి గిన్నెలు తుడిచే గుడ్డలో చుట్టిన మూట తీసి మా కప్పుల మధ్య పెట్టి విప్పింది. పిస్తోలు. పక్కనే తూటాలు విడిగా, తనే తీసేసింది.

"బాత్రూమ్‌లో సింకు గట్టుమీద పెట్టి మర్చిపోయావు," అంది. గొంతు పెంచలేదు. "ప్యాంటు దింపుకునేముందు జారిపోతుందని తీసి పెట్టుంటావు. నీ తర్వాత లోపలికెళ్ళింది మిస్ వెస్టా. దీన్ని తీసుకొచ్చి నాకిచ్చింది. నాతో ఏమందో చెప్తాను విను. ఆర్డిత్, నీ కొత్త సబ్బు సీసా పాడైపోయిందే, మూతి కింద చెయ్యి పట్టి రెండుసార్లు నొక్కాను, ఒక్క చుక్క రాలేదు అంది."

బ్రదర్ లిండెల్ తల్లి వైపు చూశాడు. ఆవిడ చేతుల వైపు చూశాడు. రెండు చేతులూ ఉన్నాయి, రొట్టె తుంచుతున్నాయి. నాకు రొవీనా గది కళ్ళముందు కదిలింది, చిన్నచిన్న కుర్చీలు, పక్కనే పిల్లల బాత్రూమ్. వీడినే కదా నేను తలుపు పక్కన కూర్చోబెట్టబోయాను.

"ఎందుకు పేల్లేదు?" అని క్లీట్ అడిగాడు, లోగొంతుకతో.

"చూసుకో." ఆర్డిత్ పిస్తోలు తిప్పి చూపించింది. మీట కింద, గొట్టం నిండా, ఎక్కడ సందుంటే అక్కడ బూడిదరంగు పీచు కుక్కినట్టుంది. బిస్కెట్ల పొడి, కరిగి అంటుకుపోయిన పిప్పరమెంటు బిళ్ళ, దాని మీద తుప్పు. "దీన్ని కొన్నాక ఒక్కసారైనా విప్పి ఉంటే, ఈపాటికి ఆ తల్లి అరచెయ్యి ఉండేది కాదు. నీ బద్ధకం కాపాడింది ఓర్వల్, నువ్వు కాదు."

ఓర్వల్ నోరు తెరిచే ఉంది. మొహంలో చుక్క నెత్తురు లేదు. లేచాడు, వెళ్ళి గిన్నెలో గోరువెచ్చని నీళ్ళూ సబ్బు ముక్కా తెచ్చి మిస్ వెస్టా ముందు మోకాళ్ళమీద కూర్చున్నాడు. ఆవిడ కుడిచెయ్యి తీసుకుని కడిగాడు, అరచెయ్యి తిప్పి చూసి మళ్ళీ కడిగాడు. నీళ్ళు ఆవిడ ఒళ్ళో పడుతున్నాయి.

"ఎవరూ, ఓర్వలా?" అంది ఆవిడ మసక కళ్ళు దగ్గరగా పెట్టి. "అదే, చేతులు కడుక్కోకుండానే రొట్టె తినేస్తున్నాను. ఎంత శ్రద్ధ నాయనా నీకు." కొడుకు వైపు తిరిగింది. "ఒరే లిండెల్, ఆ వెనక తలుపు కుర్చీ గురించి మీలో మీరు తన్నుకోవడం ఎందుకురా? ఈ పిల్లవాడికియ్యి. ఇలాంటివాడుంటే నేను నిశ్చింతగా కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంటాను."



"వద్దమ్మా," అన్నాడు ఓర్వల్, తల ఎత్తకుండా ఆవిడ చెయ్యి తుడుస్తూ. "నాకొద్దు."